అంగుళానికి పన్నెండు కుట్లు

హడర్స్‌ఫీల్డ్,
12 సెప్టెంబరు 1987

ఒసేయ్ మేవిస్,

కూర్చుని చదువు. నిలబడి చదివితే పడతావు.

టికెట్లు కొనేశాను! రెండూ. నీదీ, నాదీ. జనవరి ముప్పైన మీ సౌతాంప్టన్ రేవులోనే ఎక్కుతాం. పదమూడు రాత్రులు, మదీరా, కానరీ దీవులు, మళ్ళీ మీ రేవే. ఇద్దరికీ ఒకే గది, రెండు మంచాలు. నిన్ను అడిగి కొనాల్సింది. కానీ అడిగితే ఏమవుతుందో పదకొండేళ్ళుగా చూస్తూనే ఉన్నానుగా. ఒక ఏడు మీ ఆయన జబ్బు, ఇంకో ఏడు మా ఆయన హెరాల్డ్ పోవడం, పోయినేడు నీ మోకాలు. ఇక ఏ సాకూ వినను. మోకాలు రాకపోతే అది ఇంట్లో ఉంటుంది, నువ్వు రా.

గుర్తుందా, మీ ఊరొచ్చినప్పుడు రేవు గట్టున నిలబడి ఆ తెల్ల ఓడను చూశాం? మంచు కురుస్తోంది. పైకి ఎక్కుతున్నవాళ్ళందరూ చెవుల దాకా ఊలు చుట్టుకుని ఉన్నారు గానీ ఒకావిడ సంచీలోంచి గడ్డిటోపీ తొంగి చూస్తోంది. "చూడవే, అంత చలిలోంచి నేరుగా ఎండలోకి పోతారు వీళ్ళు" అన్నావు. అప్పుడే ఒట్టు వేసుకున్నాం, ఎక్కితే ఇద్దరం కలిసే ఎక్కాలని. నేను ఎరిగిన సముద్రం బ్రిడ్లింగ్టన్ ఒక్కటే. ఆగస్టులో దిగినా పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. చెమట పట్టించే సముద్రం ఒకటుందంటే చూసి చావాలని ఉంది.

పెట్టె సర్దడం అప్పుడే మొదలెట్టాను. నవ్వకు! మంచానికి ఎడమపక్క మంచు బట్టలు, కుడిపక్క ఎండ బట్టలు, మధ్యలో పడుకోవడానికి నాకు జానెడు చోటు. ఒకే పెట్టెలో రెండు కాలాలు ఎలా పడతాయే తల్లీ? ఊలు లోబట్టలే సగం పెట్టె తినేస్తున్నాయి. నువ్వు ఓడల ఊళ్ళో ఉన్నదానివి, నలుగురినీ కనుక్కుని రాయి.

విందు గౌన్ల సంగతి. నా నేరేడురంగుది అలమరలో గుడ్డ కప్పుకుని అలాగే ఉంది. ఒట్టు తప్పలేదు, ఒక్కసారైనా ఒంటి మీద వేసుకోలేదు. నువ్వు మిల్లు వదిలిన రోజు మనమిద్దరం కలిసి నేతలో తప్పులు పట్టిన ఆఖరి తాను అది. సగం నీకు ఆకుపచ్చ అద్దించి కుట్టాను, సగం నాకు నేరేడు. రెండూ మొదటిసారి కలిసే ఓడ మెట్లు దిగాలి. నీదొకసారి నాకు పంపు. కుట్టి పంపిన ఈ రెండేళ్ళలో నీ నడుము ఊరుకుని ఉంటుందా? పక్క కుట్లు వదులు చేసి పంపుతాను.

నీ ఫ్లోరీ


సౌతాంప్టన్,
4 అక్టోబరు 1987

ప్రియమైన ఫ్లోరీ,

నీ ఉత్తరం చదివి నిజంగానే కూర్చుండిపోయాను. ఇంత తొందరేమిటే? నన్నొక మాట అడగకూడదూ? మోకాలు ఇంకా పూర్తిగా తగ్గలేదు. ఓడ ఊగేటప్పుడు మోకాలే ముఖ్యం. సరే, కొన్నదాన్ని ఏం చేస్తాం. చూద్దాం.

సర్దుకోవడం గురించి ఇక్కడివాళ్ళు చెప్పేదిదీ. బరువైనవన్నీ ఒంటి మీద వేసుకుని ఎక్కాలి, కోటు, బూట్లు, స్వెట్టరు. పెట్టెలో పెడితే చోటు దండగ. పెట్టెలు రేవులోనే కూలీలు తీసుకుంటారు, సాయంత్రం దాకా గదికి రావు. కాబట్టి మందులు, ఒక పల్చటి జాకెట్టు చేతిసంచీలో ఉంచుకోవాలి. మొదటి మూడు రోజులూ ఊలు విప్పబుద్ధి కాదు. బిస్కే అఖాతం దాటుతున్నప్పుడు గాలి ఎముకల్లోకి దిగుతుంది. నాలుగో రోజు పొద్దున ఉన్నట్టుండి ఊపిరి వెచ్చగా తగులుతుంది, అప్పుడు అందరూ ఒకేసారి కోట్లు మంచం కిందకి తోసేస్తారు. అలమరలో మనిషికి ఆరు హేంగర్లే. రెండు మనమే తీసుకెళ్ళాలి.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఆఖరి రాత్రి పెట్టెలు గది బయట పెట్టేయాలి, ఓడవాళ్ళు పట్టుకుపోతారు. పొద్దున దిగేటప్పుడు వేసుకునేవి విడిగా తీసి ఉంచుకోవాలి. ఇక్కడ అందరూ చెప్పుకుని నవ్వే కథ ఒకటుంది. ఒకావిడ ఆ తొందరలో కోటుతో సహా అన్నీ సర్దేసిందట! తెల్లారి చూసుకుంటే రాత్రి తొడుక్కున్న నైటీ, తలుపు వెనక తగిలించి మర్చిపోయిన విందు గౌను, అంతే మిగిలాయి. ఫిబ్రవరి పొద్దున్నే రేవంతా బురదమంచు, జారిపడకుండా ఉప్పు చల్లి ఉంచారు. ఆ ముసలావిడ పట్టపగలు విందు గౌను ఎత్తిపట్టుకుని, చేతులు చాలక వదిలేసి, ఈడ్చుకుంటూ నడిచింది. కస్టమ్స్ ఆయన "అమ్మా, నాట్యం ఇంకా అయిపోలేదా?" అన్నాడట. అలా మనకు కాకూడదు.

గౌను పంపుతున్నాను. నడుము దగ్గర ఒక అంగుళం చాలు. అంచు జోలికి పోకు, పొడవు సరిగ్గానే ఉంది.

నీ మేవిస్


హడర్స్‌ఫీల్డ్,
9 నవంబరు 1987

మేవిస్,

గౌను వచ్చింది. బట్టలుతికే మందు వాసన వేస్తోంది. దుకాణంలో ఉతికించావన్నమాట. వేసుకోని బట్టను ఎందుకు ఉతికించావే?

మొన్న ఆదివారం మధ్యాహ్నం టేబుల్ మీద పరిచాను. నడుము కుట్లు విప్పాను, అంగుళం వదిలాను. అంచు జోలికి పోవద్దన్నావు. పోయేదాన్ని కాదు. కానీ నా సంగతి నీకు తెలుసుగా, గుడ్డ చేతికొస్తే చివరి దాకా తడమకుండా వదలలేను. ముప్పై ఎనిమిదేళ్ళు చేసిన పని అదే కదా. మగ్గం దిగిన తానులో కళ్ళకి కనపడని ముడి వేళ్ళకి దొరికేది. ఎడమపక్క అంచు కొంచెం గరుగ్గా తగిలింది.

విప్పాను. మడత లోపల గులకరాళ్ళంత కాకపోయినా ఇసక ఉంది, బూడిదరంగు మట్టి గట్టిపడి ఉంది. నాలుక మీద పెట్టుకుని చూశాను. ఉప్పు.

ఇంకొకటి. మెడ వెనక లోపలివైపు నాలుగు పక్కలా సూది రంధ్రాలు వరసగా ఉన్నాయి, చిన్న చీటీ అంత చతురస్రం. నేను అక్కడ ఏమీ కుట్టలేదు. అక్కడ ఏదో కుట్టి, మళ్ళీ విప్పారు. ఏమిటది?

ఏదో ఉంటుంది. నాకు తోచడం లేదు. నువ్వే చెప్పు.

ఫ్లోరీ


సౌతాంప్టన్,
18 నవంబరు 1987

ప్రియమైన ఫ్లోరీ,

అబ్బబ్బ, నువ్వు మారవు! పోలీసులు కూడా ఇంతలా సోదా చెయ్యరు.

సరే, ఒప్పుకుంటున్నాను. పోయినేడు డిసెంబరులో మా చర్చివాళ్ళ విందుకి ఒకసారి వేసుకున్నాను. ఒట్టు సంగతి గుర్తుంది గానీ ఆ రోజు వేరే మంచి గౌను లేకపోయింది. వీధిలో మంచు మీద ఉప్పు చల్లి ఉంది, అంచు తడిసింది. నీకు చెబితే బాధపడతావని చెప్పలేదు. తప్పే. ముసలాళ్ళం, ఒట్లూ గిట్లూ అంటూ చిన్నపిల్లల్లా లెక్కలు చూసుకుంటామా? మెడ దగ్గరిది ఉతికే దుకాణంవాళ్ళు కుట్టిన పేరు చీటీ అయి ఉంటుంది, నేను చూడలేదు.

అసలు సంగతి వేరు. డాక్టరు మోకాలికి ఈ చలికాలం విశ్రాంతి కావాలన్నాడు. టికెట్లు వచ్చే ఏడాదికి మార్పించుకోవచ్చేమో కనుక్కోరాదూ? ఊళ్ళో మా బెరిల్ కూడా ఇదే అంటోంది. నువ్వు ఆమెను చూడలేదు, పక్కింట్లో ఉంటుంది, పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట మాకు ఆవిడే నేర్పింది. చాలా పద్ధతైన మనిషి.

కోపం తెచ్చుకోకు.

నీ మేవిస్


హడర్స్‌ఫీల్డ్,
2 డిసెంబరు 1987

శ్రీమతి మేవిస్ హోల్‌బ్రుక్ గారికి,

మీ గౌను పని పూర్తయింది. ఈ ఉత్తరంతో పాటు పొట్లంలో వస్తుంది. నడుము అంగుళం వదిలాను. అంచు కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కుట్టాను. మా పనిలో లోపం ఉంటే తెలియజేయగలరు.

మీ ఉత్తరాలు నేను పారెయ్యను, బిస్కెట్ల డబ్బాలో దాచుకుంటాను. పోయినేడు డిసెంబరు ఇరవైన మీరు రాసినది తీసి చదివాను. "మోకాలు వాచి మంచం దిగడం లేదు, చర్చికి కూడా పోలేకపోయాను, విందు ఎలా జరిగిందో కూడా తెలియదు" అని మీ చేతితోనే రాశారు. ఆ విందుకే ఆకుపచ్చ గౌను వేసుకుని మంచులో నడిచానని ఇప్పుడు రాశారు. ఏ మోకాలితో నడిచారండీ?

ఆ తర్వాత ఆ ముసలావిడ కథ మళ్ళీ చదివాను. మొదటిసారి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. పాలాయనకి కూడా చెప్పాను, ఆయనా నవ్వాడు. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. ఫిబ్రవరి, రేవు, ఉప్పు కలిసిన బురదమంచు, తలుపు వెనక మర్చిపోయిన విందు గౌను. "చేతులు చాలక వదిలేసి ఈడ్చుకుంటూ నడిచింది" అన్నారు. విన్నవాళ్ళకి ఆ సంగతి తెలియదు. నడిచినవాళ్ళకే తెలుస్తుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అంచు ముట్టుకోవద్దని ముందే రాశారు కూడా.

మీరు నన్ను వదిలేసి ఆ ఓడ ఎక్కి వచ్చేశారు.

అంత వరకైతే తిట్టుకుని, ఏడ్చి, ఊరుకునేదాన్నేమో. మెడ దగ్గర కుట్లే నన్ను ఊరుకోనివ్వడం లేదు. దుకాణంవాడు పేరు చీటీ కుడితే నాలుగు పొడుపులు వేసి వదిలేస్తాడు. ఇవి అలా లేవు. స్కేలు పెట్టి చూశాను. అంగుళానికి పన్నెండు. మూలల దగ్గర వెనక్కొక కుట్టు. మనకి పదిహేనేళ్ళప్పుడు మిల్లులో మిస్ క్రౌథర్ మనిద్దరికీ నేర్పిన లెక్క, పదకొండు పడితే వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది. ఇంగ్లండులో ఇప్పుడు అలా కుట్టేవాళ్ళు ఎందరు మిగిలారో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇద్దరే. నేను కుట్టలేదు.

ఎవరితో వెళ్ళారు? ఆ మెడ దగ్గర ఏ చీటీ కుట్టారు? ఈ రెండూ రాయండి. మోకాలి గురించి రాయనక్కర్లేదు.

ఇట్లు,
ఫ్లోరెన్స్ హేగ్


సౌతాంప్టన్,
6 జనవరి 1988

ఫ్లోరీ,

నువ్వు నన్ను మీరు అనడం కన్నా చెంప మీద కొట్టినా బాగుండేది. నెల రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను. క్రిస్మస్ పండగ కూడా అలాగే గడిచింది.

బెరిల్‌తో వెళ్ళాను. పోయిన ఫిబ్రవరిలో. ఆవిడ చెల్లెలు ఆఖరి వారంలో రాలేనంది, మంచం ఖాళీ అయింది. "మేవిస్, నువ్వు రావోయ్, ఊరికే పోతుంది" అంది. రాత్రంతా ఆలోచించాననీ, నీకు రాద్దామనుకున్నాననీ చెబితే అబద్ధం. వెంటనే సరే అన్నాను. మోకాలు బాగానే ఉంది.

చీటీ నా పాత కోటుది. లండను పెద్ద దుకాణం కోటు, నీకు తెలుసు, మా ఆయన కొన్నది. దానిలోంచి విప్పి గౌనుకి కుట్టాను. ఓడ ఎక్కకముందే, ఇంట్లోనే కుట్టాను. ఎవరో అడిగితే కంగారులో అన్నది కాదు. బెరిల్ బట్టలు పట్టుకుని చూస్తుంది, మెడ తిప్పి చీటీ చదువుతుంది. అది ఆవిడ అలవాటు. నాకు తెలుసు. అందుకే ముందే కుట్టుకున్నాను.

ఎందుకని అడుగుతావు. చెబుతాను, ఇంక దాచి ఏం చేసుకోను. నాకు సిగ్గేసింది, ఫ్లోరీ. గౌను గురించి కాదు. అంత మంచి గౌను ఆ ఓడలో ఇంకొకటి లేదు. కెప్టెన్ విందులో నలుగురు ఆడవాళ్ళు నన్ను ఆపి అడిగారు. నీ గురించి సిగ్గుపడ్డాను. నువ్వు రొట్టె పులుసులో ముంచుకుని తింటావు. మగ్గాల హోరులో మాట్లాడినట్టే ఎక్కడైనా అరిచి మాట్లాడతావు. నన్ను ఇక్కడ ఎవరూ మిల్లు పిల్ల అనరు. పాతికేళ్ళు పట్టింది అనిపించుకోకుండా ఉండటానికి. నిన్ను ఆ భోజనాల బల్ల దగ్గర ఊహించుకుంటే, ప్రతి ఏడూ ఏదో ఒక సాకు నోటికొచ్చేది. మా ఆయన జబ్బు నిజం. నేను చెప్పిన మిగతావి కాదు.

బెరిల్ "ఎక్కడ కొన్నావోయ్?" అంటే ఆ దుకాణం పేరు చెప్పాను. "అనుకున్నా, కుట్టిన చెయ్యి తెలిసిపోతోంది" అంది.

నిన్న ఆవిడ ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆ గౌను హడర్స్‌ఫీల్డ్‌లో నా స్నేహితురాలు ఫ్లోరీ హేగ్ కుట్టింది, ఆమే నేనూ ఒకే గదిలో ఒకే పని చేశాం, నేను మిల్లు పిల్లని అని. "అయితే ఏమిటోయ్?" అంది. అంతే అంది. ఇన్నాళ్ళూ మిల్లు పిల్ల అనే మాట పడకూడదని నిన్ను అమ్ముకున్నాను.

పెట్టె సర్దేశాను. ముప్పైన పన్నెండు గంటలకి రేవులో లోపలికి పోయే తలుపు పక్కన నిలబడతాను. నా టికెట్టు నీ దగ్గరే ఉంది. నువ్వు చెయ్యెత్తి పిలిస్తే వస్తాను. పిలవకపోతే పెట్టె తీసుకుని ఇంటికి పోతాను, ఒక్క మాట అనను. ఉత్తరంలో జవాబు రాయకు. అక్కడే చెప్పు.

మేవిస్


ఫుంచాల్ రేవు, మదీరా,
3 ఫిబ్రవరి 1988

మేవిస్,

నువ్వు చెప్పినవన్నీ నిజమే. నాలుగో రోజు పొద్దున ఊపిరి వెచ్చబడింది. అందరూ కోట్లు మంచం కిందకి తోశారు. నేను నా కోటు నీ మంచం మీద పడుకోబెట్టాను, అక్కడ చోటు బోలెడుంది. హేంగర్లు ఆరే, కానీ నీవి కూడా నాకే కదా, పన్నెండు.

బిస్కేలో రెండు రోజులు వాంతులతో పైకీ కిందకీ అయ్యాను. గది చూసే మనిషి ఉప్పు బిస్కెట్లు తెచ్చి "ఇంకో అమ్మగారు రాలేదా?" అన్నాడు. "రాలేదు" అన్నాను.

నేరేడు గౌను వేసుకుని కెప్టెన్ విందుకి వెళ్ళాను. నీ ఉత్తరం చదివాక ఎవరి కళ్ళలోకైనా చూడాలంటే భయంగా ఉంది. నా గొంతు నాకే వినిపిస్తోంది, నోరు విప్పితే చాలు. అరవై మూడేళ్ళు హాయిగా అరిచిన దాన్ని, ఇప్పుడు ఉప్పు అందించమనడానికి కూడా గొణుగుతున్నాను. ఆ పుణ్యం నీదే. ఎదురుగా కూర్చున్న, గ్రిమ్స్‌బీ ఊరి నుంచి వచ్చిన పెద్దావిడ "ఏమిటమ్మా, గట్టిగా చెప్పు, నాకు చెవుడు" అంది. అప్పుడు గట్టిగా చెప్పాను. గౌను ఎక్కడిదని అడిగితే నేనే కుట్టానని కూడా చెప్పాను. "అబద్ధాలాడకు" అంది. అంచు తిప్పి చూపించాను. అప్పట్నుంచి మధ్యాహ్నం పూట ఆడవాళ్ళు నడుములు వదులు చేయించుకోవడానికి నా గదికి వస్తున్నారు. ఈ తిండికి ఎవరి గౌనూ ఎవరికీ పట్టడం లేదు.

ఇవాళ ఈ ఊళ్ళో సముద్రంలో దిగాను. మోకాళ్ళ దాకా. వెచ్చగా ఉంది మేవిస్. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పదకొండేళ్ళు ఇద్దరి కోసం అనుకున్నదాన్ని ఒక్కదాన్నే చూస్తే ఇంత చేదుగా ఉంటుందని తెలియదు. గట్టున కూర్చుని బాగా ఏడ్చాను. నువ్వు బెరిల్‌తో ఇక్కడ దిగి ఉంటావు. అప్పుడు నేను గుర్తొచ్చానా అని అడగాలని ఉంది. వద్దులే, చెప్పకు. నువ్వేం చెప్పినా ఇప్పుడు అంగుళాలు కొలుస్తాను.

ఇక రేవు సంగతి. ఆ రోజు నేను రాలేదేమో, మరో తలుపులోంచి వెళ్ళానేమో, నీకు కనపడలేదేమో అని నువ్వు అనుకుంటూ ఉంటావు. అలా అనుకోనిచ్చి ఊరుకోవచ్చు. నీకూ మేలు, నాకూ మేలు. కానీ నాకు చేతకాదు.

మా బస్సు పదకొండున్నరకి వచ్చింది. మంచు కలిసిన వాన పడుతోంది. నువ్వు అప్పటికే తలుపు పక్కన ఉన్నావు, పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కళ్ళ మొహంలోకీ చూస్తూ. నలభై మందిమి గుంపుగా దిగాం, అందరికీ టోపీలు, అందరికీ మఫ్లర్లు. నీకు రెండు గజాల దూరంలోంచి నడిచాను. తల వంచుకోలేదు. నువ్వు నా వైపు చూస్తే పిలుద్దామనుకున్నాను. నువ్వు నా వెనకాల ఉన్నావిడ మొహం చూస్తున్నావు.

ఓడ పైఅంతస్తు ఎక్కి అంచు కమ్మీల దగ్గర నిలబడ్డాను. నీ టికెట్టు నా చేతి తొడుగులోనే ఉంది. ఒంటిగంట అయింది, రెండయింది, మూడున్నరకి గాని ఓడ కదల్లేదు. అంతసేపూ నువ్వు ఉన్నావు. ఒకాయన వచ్చి నీకేదో చెప్పి తలుపు మూశాడు. అప్పుడు తలెత్తి ఓడకేసి చూశావు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. ఎవరన్నది తెలియకుండానే చెయ్యెత్తి ఊపావు. నా పక్కన అందరూ ఎవరెవరికో ఊపుతున్నారు. నా చెయ్యి కమ్మీల మీద ఉంది. తియ్యలేదు. తియ్యలేక కాదు, తియ్యలేదు. అది నేను చేసిన పని, నువ్వు తెలుసుకోవాలి.

ఈ ఉత్తరం నా కన్నా ముందే నీకు చేరుతుందని ఇక్కడ తపాలా ఆవిడ అంటోంది. పన్నెండున దిగుతాను. రేవుకి రావద్దు. వస్తే ఏం చేస్తానో నాకే తెలియదు.

ఫ్లోరీ